గుణింతం వెంట జపాను క్రియ

తెలుగు, కన్నడం, దక్కనీ కలిసి పెరిగిన రాయచూరు నోటికి జపనీయ క్రియ ఎందుకు సులువో, ఎక్కడ కష్టమో

రాయచూరులో గడప దాటే మనిషి ‘పోతున్నా’ అనడు. అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. తెలుగింట్లో ‘పోయొస్తా’ అంటాడు. పక్కింటి కన్నడాయన ‘హోగి బర్తీని’ అంటాడు. సందు చివర దక్కనీ మాట్లాడే ఇంట్లో ‘జాకో ఆతూం’ అంటారు. టోక్యోలో బడికి బయల్దేరిన పిల్లవాడు బూట్లు వేసుకుని ‘ఇత్తె కిమసు’ అంటాడు. ఇత్తె అంటే పోయి. కిమసు అంటే వస్తాను. మాట వరస నాలుగు భాషల్లోనూ ఒకటే. ముందు అసమాపక క్రియ, దాని వెనక సమాపక క్రియ. ఇంగ్లీషులో దీనికి సరిపడే పలుకు లేదు కాబట్టి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఈ రెండు ముక్కలకూ ఒక పేరా వివరణ రాస్తుంది. మనకు ఆ పేరాతో పని లేదు.

జపాను భాష నేర్చుకునే అవసరం ఇప్పుడు ఊళ్లదాకా వచ్చింది. ప్రత్యేక నైపుణ్యాలున్న విదేశీ కార్మికుల కోసం జపాను 2019 ఏప్రిల్‌లో కొత్త వీసా పద్ధతి మొదలుపెట్టింది. దాని మీద మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం చేసుకుంది. 2025 ఆగస్టులో ఇంకో అడుగు వేశారు. ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు సాగాలని, అందులో మన దగ్గర్నుంచి వెళ్లే నిపుణులు 50 వేల మంది ఉండాలని అనుకున్నారు. రాయచూరు ట్రిపుల్ ఐటీ 2019లో మొదలైనప్పుడు దాన్ని చేయిపట్టి నడిపించింది హైదరాబాదు ఐఐటీ. ఆ ఐఐటీ ప్రాంగణం లేచింది జపాను ఆర్థిక సాయంతో. అంటే ఈ జిల్లాకు జపాను మరీ అంత దూరమేమీ కాదు.

నేర్చుకునే దారి మాత్రం వంకర తిరుగుతోంది. మన పిల్లలు జపనీయ వ్యాకరణాన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో చదువుతారు. ఇంగ్లీషువాడికి ఏది వింతో అది తమకూ వింతే అనుకుని బెదిరిపోతారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోది. ఒక పక్క గద్వాల, ఇంకో పక్క మంత్రాలయం. తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి చుట్టూ క్యాంపులు వేసుకుని వరి పండిస్తున్న తెలుగు రైతుల మూడో తరం ఇప్పుడు ఇక్కడ చదువుకుంటోంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ. ఇలాంటి నోటికి జపనీయ క్రియను ఇంగ్లీషు మీదుగా నేర్పడం దండగ.

మనిషి జాడ లేని క్రియ

జపనీయ క్రియకు పురుష, లింగ, వచన భేదాలు లేవు. తినడానికి నిఘంటువు రూపం ‘తబెరు’. నేను తిన్నా ‘తబెత’, నువ్వు తిన్నా ‘తబెత’, ఆమె తిన్నా, వాళ్లంతా తిన్నా ‘తబెత’. తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నది, తిన్నారు అని ప్రతి క్రియకూ తోక తగిలించే మనకు ఇది మొదట బోసిగా కనిపిస్తుంది. ఎవరు తిన్నారో ఎలా తెలుస్తుందన్నదే తరగతిలో అడిగే మొదటి ప్రశ్న.

దానికి జవాబు తెలుగులోనే ఉంది. ‘తినలేదు’ అనండి. నేను తినలేదు, నువ్వు తినలేదు, వాడు తినలేదు, వాళ్లు తినలేదు. తోక ఎక్కడ? తినాలి, తినొచ్చు, తినకూడదు, తినొద్దు కూడా అంతే. వీటిలో మనిషి జాడ లేదు, అయినా రోజంతా మాట్లాడుతున్నాం, ఎవరికీ అయోమయం లేదు. కన్నడంలో బరలిల్ల, బరబేకు, బరబారదు కూడా ఈ బాపతే. మలయాళం ఇంకాస్త ముందుకు పోయి తోకలన్నీ కత్తిరించేసుకుంది. అక్కడ ఎవరు వచ్చినా ‘వన్ను’ అనడమే. మనం కొన్ని రూపాల్లో చేసే పనిని జపనీయం అన్ని రూపాల్లోనూ చేస్తుంది.

కాలాల సంగతీ ఇలాగే. జపనీయంలో కాలాలు రెండే: అయిపోయినది, అయిపోనిది. ‘తబెరు’ అంటే రోజూ తింటాను, రేపు తింటాను అని రెండు అర్థాలూ వస్తాయి. ఇంగ్లీషు పుస్తకం దీనికి వర్తమానం అని పేరు పెట్టి, వెంటనే భవిష్యత్తు కూడా ఇదే అని సంజాయిషీ చెప్పుకుంటుంది. మన ‘తింటాను’ చేసే పని సరిగ్గా ఇదే కదా! రోజూ తింటాను, రేపూ తింటాను. సంజాయిషీ దేనికి?

మస్కి బండ నుంచి

ఇక అసలు సంగతి. జపనీయ క్రియల్లో పెద్ద గుంపుకు ‘గొదన్’ అని పేరు, అంటే ఐదు మెట్లది. ‘యొము’ అంటే చదువు. దాన్ని వరసగా చూడండి. యొమనయి అంటే చదవను. యొమిమసు అంటే చదువుతానండి. యొము అంటే చదువుతా. యొమెబ అంటే చదివితే. యొమో అంటే చదువుదాం. మ, మి, ము, మె, మొ. క్రియ చివరి హల్లు కదలలేదు, దాని మీది గుణింతం ఒక్కటే మారుతూ పోయింది. రాయడానికి ‘కకు’ కూడా అంతే: కకనయి, కకిమసు, కకు, కకెబ, కకో.

ఇక్కడ తెలుగు లిపి చేసే మేలు ఒకటి ఉంది. జపాను హిరగానా అక్షరాల్లో క, కి, కు, కె, కొ అనేవి ఒకదానితో ఒకటి పోలిక లేని ఐదు బొమ్మలు. క్రియలో ఏది నిలిచిందో, ఏది మారిందో ఆ రాతలో కంటికి కనపడదు. తెలుగులో రాస్తే ‘క’ కారం అలాగే ఉండి గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం మారడం ఎదురుగా కనిపిస్తుంది. జపాను వాళ్ల క్రియను జపాను లిపికన్నా మన లిపే బాగా చూపిస్తుందని ధైర్యంగా అనొచ్చు.

ఇది కాకతాళీయం అనుకుంటే పొరపాటు. జపాను అక్షరమాల పట్టిక పేరు ‘గొజూఒన్’. దాని అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల వరసలు క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాలలోంచి జపానుకు లేని ధ్వనుల్ని తీసేస్తే మిగిలేది ఈ వరసే. ‘స’ ఉన్నచోట మనకు చవర్గం, ‘హ’ ఉన్నచోట పవర్గం ఉంటాయి. ఆ ‘హ’ పూర్వం ‘ప’ అని పలికేదే. 804లో చైనా వెళ్లి 806లో తిరిగివచ్చిన కూకై అనే బౌద్ధ భిక్షువు సంస్కృత మంత్రాలతోబాటు వాటిని రాసే సిద్ధం లిపిని కూడా తన దేశానికి తెచ్చాడు. సంస్కృత ధ్వనుల్ని సాధన చేసిన భిక్షువుల చేతుల్లోనే 11వ శతాబ్దం నాటికి ఈ పట్టిక రూపు కట్టింది.

సిద్ధం లిపికి మూలం బ్రాహ్మి. హల్లుకు ఒక రూపం ఇచ్చి, అచ్చు మారినప్పుడు దాని ఒంటి మీద చిన్న గీత చేర్చే పద్ధతి బ్రాహ్మిది. రాయచూరు జిల్లాలో ఆ రాతను చూడాలంటే మస్కి వెళ్లాలి. బంగారు గనుల ఇంజినీరు సి. బీడన్ 1915లో ఇక్కడి గుట్ట మీద ఒక శాసనం కనుక్కున్నాడు. అదే ఏడాది హైదరాబాదు పురావస్తు శాఖ తన గ్రంథమాలలో మొదటి సంచికగా హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరణతో దాన్ని అచ్చువేసింది. అప్పటిదాకా ‘దేవానాంపియ’ అన్న బిరుదుతోనే తెలిసిన రాజు అశోకుడేనని అతని సొంత పేరుతో తేల్చిచెప్పిన శాసనం అది. చరిత్ర పుస్తకాలు ఆ పేరు దగ్గర ఆగిపోతాయి. నాకు మాత్రం ఆ బండ మీద గుడులు, కొమ్ములు ముఖ్యం. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో ఇక్కడ రాతికెక్కిన గుణింతం పద్ధతికి దూరపు వారసత్వమే, జపాను బడిపిల్లలు క్రియారూపాలు వల్లెవేసే పట్టిక.

ఆ పట్టిక మీద క్రియల్ని కూర్చోబెట్టిన మనిషి కథ కూడా చెప్పాలి. మొతొఒరి హరునివ 1763లో మత్సుసకలో పుట్టాడు. తండ్రి నొరినగ జపాను ప్రాచీన సాహిత్యానికి పేరుమోసిన వ్యాఖ్యాత. కొడుక్కి ముప్ఫయ్యో పడి దాటేసరికి రెండు కళ్లూ పోయాయి. బతుకుతెరువుకు సూదివైద్యం నేర్చుకున్నాడు. ఇంట్లోవాళ్లు చదివి వినిపిస్తుంటే, తాను చెప్పింది రాసిపెడుతుంటే, పాత కావ్యాల్లోని క్రియారూపాలన్నీ జల్లెడపట్టి 1808లో ‘కొతొబ నొ యచిమత’ అనే పుస్తకం అచ్చువేయించాడు. మాటలు చీలిపోయే దారుల కూడలి అని ఆ పేరుకు అర్థం. ఏ క్రియ ఎన్ని మెట్లు ఎక్కుతుందో, ఏ మెట్టు మీద ఏ ప్రత్యయం చేరుతుందో తేల్చిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది. చూపు లేని మనిషి కాబట్టి అక్షరం ఆకారంతో అతనికి పని లేకపోయింది, చెవికి వినపడే గుణింతమే చాలింది. చిన్నయసూరి బాలవ్యాకరణం మనకు అందింది ఆ తర్వాత యాభై ఏళ్లకు, 1858లో.

ఇప్పుడు తెలుగు క్రియను పక్కన పెట్టండి. చదవలేదు, చదివి, చదువు. అడగలేదు, అడిగి, అడుగు. కడగలేదు, కడిగి, కడుగు. వ, వి, వు. గ, గి, గు. వ్యతిరేకానికి అకారం, క్రియను పక్క క్రియతో కలిపేటప్పుడు ఇకారం, నిఘంటువులో ఉకారం. యొమనయి, యొమి, యొము కూడా ఇదే మెట్ల మీద ఉన్నాయి. ఇది మాత్రం నిజంగా కాకతాళీయమే. మన మార్పు పక్కనున్న అచ్చును చూసి అచ్చు మారే పద్ధతి, వాళ్ల మార్పు వేరే కారణాల వల్ల వచ్చింది. కానీ బట్టీపట్టేవాడికి కారణంతో ఏం పని? ‘చదవలేదు’లో ‘వ’ వినపడినచోట ‘యొమనయి’లో ‘మ’ వినపడాలి. అంతే.

‘తె’ రూపం దగ్గర

నేర్చుకునేవాళ్లు ఎక్కువగా జారిపడేది ‘తె’ రూపం దగ్గర. చేసి, తిని, వచ్చి అనే మన అసమాపక క్రియకు జపాను ప్రతిరూపం అది. ‘తబెరు’ లాంటి రెండో గుంపు క్రియలతో గొడవ లేదు: తబె-తె, మి-తె. మొదటి గుంపు అయిన గొదన్‌లో ధ్వనులు తొక్కిసలాడుకుంటాయి. కకి-తె కాస్తా కైతె అయింది. యొమి-తె యొందె అయింది. కొనడానికి ‘కఉ’, కొని అనడానికి కత్తె. మాట్లాడడానికి ‘హనసు’, మాట్లాడి అనడానికి హనశితె. వెళ్లడానికి ‘ఇకు’ మాత్రం సూత్రం ప్రకారం ఇఇతె కావలసింది, ఇత్తె అయి కూర్చుంది.

ఈ తొక్కిసలాట మనకు కొత్త కాదు. చేయు-తా చేస్తా అయింది. తిను-తా తింటా అయింది. కన్నడం ఇంకా దగ్గర. తిన్ను అనే ధాతువుకు అసమాపక రూపం ‘తిందు’. జపనీయంలో చచ్చిపోవడానికి ‘శిను’, దాని ‘తె’ రూపం ‘శిందె’. ముక్కుధ్వని పక్కన ‘త’ కాస్తా ‘ద’గా మెత్తబడింది. నేటి ప్రామాణిక జపనీయంలో ‘ను’తో ముగిసే క్రియ ఈ ‘శిను’ ఒక్కటే. మాన్వి క్యాంపులో కన్నడ మాధ్యమంలో చదివిన పిల్లకు ఇది ఒక్కసారి చెబితే చాలు.

రెండు గుంపుల్ని కలగలిపి మోసం చేసే జంటలు కొన్ని ఉన్నాయి. ‘కిరు’ అంటే కోయడం, ‘కిరు’ అంటే తొడుక్కోవడం కూడా. కోసి అంటే కిత్తె, తొడుక్కుని అంటే కితె. వీటికి దగ్గరదారి లేదు, బట్టీయే. క్రమం తప్పిన క్రియలు మాత్రం రెండే: ‘సురు’ అంటే చేయడం, ‘కురు’ అంటే రావడం. ‘కురు’కు రూపాలు కొనయి, కిమసు, కురు, కొయి. వంకర కదా అనిపిస్తే మన ‘వచ్చు’ను చూడండి: రా, రాను, వస్తా, వచ్చా. కన్నడం: బా, బరుత్తేనె, బందె. ‘సురు’ అయితే మన ‘చేయు’ లాగే ఏ పరాయి మాటనైనా కడుపులో పెట్టుకుంటుంది. మనం డౌన్‌లోడ్ చేస్తాం, వాళ్లు దౌన్‌రోదొ సురు అంటారు.

‘తె’ వచ్చాక మిగతా వ్యాకరణం సగం దానంతటదే వస్తుంది. ‘తబెతె మిరు’ అంటే తిని చూడడం. ‘మిరు’ అంటే కళ్లతో చూడడమే, ప్రయత్నం అనే అర్థం మనకు వచ్చినట్టే వాళ్లకూ వచ్చింది. కన్నడంలో తిందు నోడు, దక్కనీలో ఖాకో దేఖో. ‘శితె ఒకు’ అంటే చేసి ఉంచడం. ‘తబెతె శిమత్త’ అంటే తినేశాడు. అది వాడుకలో నలిగి ‘తబెచత్త’ అయింది, మన ‘తినివేశాడు’ నలిగి ‘తినేశాడు’ అయినట్టే. కన్నడం వాళ్ల ‘తిందుబిట్ట’ కూడా ఈ పనే చేస్తుంది.

వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ‘కితె ఇరు’. కితె అంటే వచ్చి, ఇరు అంటే ఉండు. ఇంగ్లీషు మీదుగా నేర్చినవాడు దీన్ని వస్తున్నాడు అని తర్జుమా చేస్తాడు, తప్పులో పడతాడు. అర్థం ‘వచ్చి ఉన్నాడు’. మనిషి అప్పటికే ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నాడన్నమాట. ‘శిందె ఇరు’ అంటే చస్తోందని కాదు, చచ్చి ఉందని. తెలుగువాడు మక్కికి మక్కి చెప్పుకున్నా తప్పు రాదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ‘తబెతె ఇరు’ అంటే మాత్రం తింటూ ఉండడమే. మనం తిని, తింటూ అని రెండుగా పంచుకున్న పనిని వాళ్లు ఒక్క ‘తె’తో లాగేస్తారు.

విశేషణ వాక్యాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘కినో కిత హితొ’ అంటే నిన్న వచ్చిన మనిషి. మాటకు మాట సరి.

మన భాష చెయ్యి ఇవ్వని చోట

అంతా ఇంత సాఫీ కాదు. కర్మణి ప్రయోగం చూడండి. ‘తినబడింది’ అని తెలుగులో ఎవరూ మాట్లాడరు, అది పత్రికల్లోకి, ప్రభుత్వ కాగితాల్లోకి వచ్చిన రాత. జపనీయంలో అది బతికున్న మాట, పైగా దానికి ఒక విడ్డూరమైన వాడుక ఉంది. ‘అమె ని ఫురరెత’ అంటారు. మక్కికి మక్కి ‘వాన చేత కురవబడ్డాను’. దారిలో వాన పట్టుకుని నానా అవస్థా పెట్టిందని దాని భావం. పక్కవాళ్ల పిల్లాడు రాత్రంతా ఏడిస్తే ‘పిల్లాడి చేత ఏడవబడ్డాను’ అంటారు. పని నాకు జరగలేదు, దాని బాధ నాకు తగిలింది, ఆ బాధను క్రియలోనే దాస్తారు. ఇక్కడ తెలుగు, కన్నడం రెండూ చేతులెత్తేస్తాయి.

కోరిక చెప్పేటప్పుడు ఇంకో చిక్కు. ‘తబెతయి’ అంటే తినాలనుంది. ఇది నా సంగతి చెప్పుకోవడానికి, నిన్ను అడగడానికి. ‘వాడికి తినాలనుంది’ అని మనం సులువుగా అనేస్తాం. జపనీయంలో అలా సూటిగా అంటే ఎబ్బెట్టు. పరాయి మనసులోది నీకెలా తెలుసు? తినాలనున్నట్టు కనిపిస్తున్నాడని ‘తబెతగత్తె ఇరు’ అనాలి. తోకలు లేవని సంతోషించిన మనకు మనిషి భేదం ఇలా దొడ్డిదారిన ఎదురవుతుంది.

మర్యాద సంగతి సగం మనది, సగం వాళ్లది. క్రియకు ‘మసు’ చేరిస్తే ఎదుటివాడి పట్ల మన్నన. ఆ పైన పెద్దల కోసం వేరే క్రియలే ఉన్నాయి. పెద్దలు తింటే ‘మెశిఅగరు’, వస్తే ‘ఇరస్షరు’, చెబితే ‘ఒస్షరు’. ఆరగించారు, వేంచేశారు, సెలవిచ్చారు అనే మాటలు తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. తేడా ఏమిటంటే మనం వాటిని గుడికి, కథలకు, వేళాకోళానికి వదిలేశాం. వాళ్లు దుకాణంలో, ఆఫీసు ఫోనులో రోజూ వాడతారు. మంత్రాలయంలో స్వామివారికి వాడే క్రియ అక్కడ హోటల్లో భోంచేసే మనిషికి దక్కుతుంది.

పొడుగు క్రియలంటే భయపడేవాళ్లకు ఒక మాట. ‘తబెససెరరెతకునకత్త’ అనేది ఒకే పదం. తిను, తినిపించు, దానికి కర్మణి, దానికి కోరిక, దానికి వ్యతిరేకం, దానికి భూతకాలం. ఇతరులు నా చేత బలవంతాన తినిపిస్తే నాకు ఇష్టం లేకపోయింది అని అర్థం. ఇంత పొడుగా అని నోరెళ్లబెట్టే ముందు ‘తినిపించుకోవాలనుకోలేదు’ అని ఒకసారి పైకి అనండి. అర్థం కాస్త వేరు, అల్లిక అదే.

చుట్టరికం మాట

ఇన్ని పోలికలు చూశాక ఈ భాషలు చుట్టాలేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. సుసుము ఒహ్నొ అనే జపాను పండితుడు 2008లో చనిపోయేదాకా తమ భాషకు తమిళంతో సంబంధం ఉందని వాదించాడు. భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువ మంది ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సబబని నా అభిప్రాయం. క్రియ వాక్యం చివర ఉండడం, ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి చేరడం కొరియన్‌లో, టర్కిష్‌లో, మంగోలియన్‌లో కూడా ఉంది. పోలిక నేర్చుకోవడానికి పనికొస్తుంది, వంశవృక్షం గీయడానికి చాలదు. వాట్సాప్‌లో తిరిగే ‘జపాను భాష మనదే’ అనే సందేశాలు ముందుకు పంపకండి.

మనకు లేనిది పరిజ్ఞానం కాదు. తెలుగు క్రియాధాతువుల మీద భద్రిరాజు కృష్ణమూర్తి 1961లోనే ప్రపంచం మెచ్చిన పుస్తకం రాశారు. ధ్వనిశాస్త్రవేత్త పేరి భాస్కరరావు టోక్యో విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జపనీయం బోధిస్తున్నారు. కావలసింది ఇంగ్లీషు పుస్తకానికి తెలుగు అనువాదం కాదు. ‘తినలేదు’తో మొదలుపెట్టి, గుణింతం మీదుగా నడిచి, ‘వచ్చి ఉన్నాడు’ దగ్గరికి తీసుకెళ్లే వంద పేజీల వ్యాకరణం. తెలుగు అకాడమీ తలుచుకుంటే, కన్నడంలో ఇలాంటి పనికి పూనుకునేవాళ్లతో కలిస్తే, రెండు భాషల్లో ఒకేసారి తేవచ్చు.

అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. జపనీయ సామర్థ్య పరీక్ష ఏటా జులై, డిసెంబరు నెలల మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. రాయచూరు వాళ్లకు బెంగళూరులో కేంద్రం ఉంది. అన్నిటికన్నా కింది మెట్టు ఎన్5. దానికి కూర్చోబోయేవాళ్లు నోటుపుస్తకంలో యాభై క్రియలు తెలుగు లిపిలో, ఒక్కోదాన్ని ఐదు గుణింతాల్లో రాసుకుని, పక్కన ‘తె’ రూపం, దాని పక్కన మన ‘చేసి’ రూపం పెట్టుకోండి. హిరగానా దానంతటదే వెనకాల వస్తుంది.